వేటజ్వరం

“తొమ్మిది. కొంచెం కుడికి,” అన్నాడు గంగాధరరావు, స్టాండుకి బిగించిన దుర్భిణీలోంచి కన్ను తియ్యకుండా.

సంయుక్త తుపాకి బోల్ట్ వెనక్కి లాగింది. ఖాళీ తొడుగు ఎగిరి చెక్కబల్ల మీద పడి దొర్లింది. రెండో తూటా లోపలికి తోసి, బుగ్గని మళ్లీ తుపాకి చెక్కకి ఆనించి, సగం ఊపిరి వదిలి ఆగింది. వంద మీటర్ల అవతల అట్ట మీది నల్లచుక్క స్కోపులో నిలకడగా కనిపిస్తోంది. నొక్కుతున్నానని తనకే తెలియనంత మెల్లగా ట్రిగ్గర్ నొక్కింది.

“పది! చూశావా అమ్మాయ్? ట్రిపుల్ టూ అంటే ఇదీ. దెబ్బ భుజానికి తెలియనే తెలియదు. తూటా మాత్రం దారం పట్టి లాగినట్టు పోద్ది.”

వాల్డార్ఫ్‌కి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, జర్మనీలో ఒక పల్లె చివర అడవిని ఆనుకుని ఉంది ఆ షూటింగ్ క్లబ్బు. ప్రతి శనివారం పొద్దున ఇద్దరూ అక్కడికి వస్తారు. సంయుక్త సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ టీముని చూస్తుంది. హనుమకొండ కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ పట్టుకున్నాక మళ్లీ పదిహేనేళ్లకి ఇక్కడ పట్టుకుంది. పట్టించింది గంగాధరరావే. తెనాలి దగ్గర్నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చి, మన్‌హైమ్‌లో మిషన్ల ఫ్యాక్టరీలో టూల్‌మేకరుగా చేసి రిటైరైన మనిషి. రెండేళ్లుగా ఆమెకి గురి నేర్పాడు. వేట పరీక్షకి జంతువుల పేర్లు, చట్టాలు, కొమ్మల మీద పంటిగాట్లు అన్నీ బట్టీ పట్టించాడు. లైసెన్సు చేతికొచ్చి నెలయింది. ఇప్పుడు సొంత తుపాకి కొనాలి.

ఒక్కటే కొనాలనుకుంది. శనివారాలు అట్ట మీద పేల్చడానికీ, సాయంత్రాలు కోళ్లని ఎత్తుకుపోయే నక్కల మీదా, కాలవగట్లు తొలిచే నీటి ఎలుకల మీదా పనికొచ్చేది. చిన్న ట్వంటీ టూ చవకే. కానీ దాని దెబ్బకి నక్క చావదు, గాయంతో పొదల్లోకి పోయి రెండ్రోజులు తన్నుకుంటుంది. హార్నెట్ అనే రకానికి చప్పుడు తక్కువ, కానీ దూరం పెరిగితే గాలికి పక్కకి పోతుంది. చివరికి రెండు మిగిలాయి. ఒకటి గంగాధరరావు సొంత తుపాకి తూటా సైజు, అంటే క్యాలిబరు, ట్రిపుల్ టూ. రెండోది టూ ట్వంటీ త్రీ. ఆ రకం ఒకటి వెండెల్ దగ్గర అరువు తెచ్చారు. వెండెల్ ఆ చుట్టుపక్కల పొలాల మీద వేటహక్కు కౌలుకి తీసుకున్నవాడు. నాలుగు శనివారాలుగా రెండూ మార్చి మార్చి పేల్చి చూస్తోంది. ఆమె పేల్చడం, ఆయన దుర్భిణీలో చూసి ఎక్కడ తగిలిందో చెప్పడం.

ట్రిపుల్ టూతో అయిదూ అయ్యాక టూ ట్వంటీ త్రీతో అయిదు పేల్చింది. “ఏడు... ఆరు, కిందకి... ఏడు. ఉహు. చెదిరిపోతన్నయ్. ఇది నీ చేతికి కుదిరేది కాదమ్మాయ్.”

“నాకైతే మంచిగ పోయినట్టే అనిపించింది బాబాయ్.”

“అనిపిస్తే చాలా? అట్ట చెప్పాలిగా.”

ఎర్రదీపం వెలిగింది. అందరూ తుపాకులు దించి వెనక్కి జరిగారు. అట్టల్ని ముందుకి లాక్కొచ్చే మోటారు పాడై నెలరోజులు కావడంతో నడిచి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తోంది. ప్రతిసారీ గంగాధరరావే ముందు బయల్దేరేవాడు. “నేను తెస్తాలే, నువ్వు గొట్టం తుడుచుకో,” అని వెళ్లి అట్టలు పీకి కోటు జేబులో పెట్టుకునేవాడు. ఆ రోజు వెండెల్ ఆయన భుజం పట్టుకుని ఏదో అడుగుతూ ఆపేశాడు. సంయుక్త నడిచి వెళ్లింది.

ట్రిపుల్ టూ అట్ట మీద అయిదు రంధ్రాలూ అరచెయ్యంత మేర చెదిరి ఉన్నాయి. ఒకటి నలుపు దాటి తెల్లకాగితం మీద పడింది. పది కాదు కదా, ఎనిమిదిలో కూడా ఏదీ లేదు. టూ ట్వంటీ త్రీ అట్ట మీద అయిదూ నడిమధ్యన, రెండు యూరోల బిళ్ల పెడితే మూసుకుపోయేటంత దగ్గరగా ఉన్నాయి. అట్టలు తారుమారయ్యాయేమోనని మూలలు చూసింది. పేల్చేముందు తనే పెన్సిలుతో రాసిన అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

వెనక్కి వచ్చేసరికి గంగాధరరావు చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. “ఏవీ? ఇట్టా తే.”

“బ్యాగుల పెట్టిన బాబాయ్.”

“చూశావా మరి?”

“చూసిన.”

“నేను చెప్పలా?”

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆమె చెవి పక్కన ఎక్కడో చూస్తూ నవ్వుతున్నాడు.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మంచెకి వెళ్లారు. కారు సంయుక్తే నడిపింది. వేసవి నుంచీ మోకాలి నొప్పి అంటూ ఆయన డ్రైవింగ్ ఆమెకే వదిలేశాడు. మంచె నిచ్చెన ఎక్కుతూ ఒక్కో మెట్టునీ లోపల్లోపలే లెక్కపెట్టుకున్నాడు. ఎప్పుడూ అలాగే లెక్కపెట్టేవాడా అని ఆలోచించింది సంయుక్త. గుర్తు రాలేదు.

పైన ఇద్దరు కూర్చునేటంత చెక్కబల్ల, ముందు కిటికీ ఉన్నాయి. కిందంతా కోసేసిన మొక్కజొన్న చేను. చేను చివర కాలవ, కాలవ గట్టున పెద్ద వాల్‌నట్ చెట్టు. అక్టోబరు మంచు అప్పుడే కాలవ మీంచి లేస్తోంది. వెండెల్ పెరట్లో ఆ నెల్లోనే తొమ్మిది కోళ్లు పోయాయి. నక్క ఆ గట్టు మీదుగానే వస్తోందని అడుగులు చూసి చెప్పాడు. గంగాధరరావు తన ట్రిపుల్ టూ కిటికీ చెక్క మీద ఆనించాడు. సంయుక్త బైనాక్యులర్ పట్టుకుంది. ఇరవై నిమిషాలు గడిచాయి.

ఆయన మోచేత్తో మెల్లగా పొడిచాడు. “అదిగో. చెట్టు కింద.”

చెట్టు కింద గోధుమరంగుది ఏదో నేలకి దగ్గరగా కదులుతోంది. కాస్త జరిగి ఆగుతోంది, మళ్లీ జరుగుతోంది. సంయుక్త బైనాక్యులర్ ఎత్తి చక్రం తిప్పింది. మసక తేరింది. ఉన్నిచొక్కా చెయ్యి ఒకటి కనిపించింది. ఆ చెయ్యి రాలిన ఆకుల్ని పక్కకి నెట్టి ఏదో తీసి గుడ్డసంచిలో వేసింది.

చెవి పక్కన తుపాకి సేఫ్టీ మీట తీసిన చిన్న చప్పుడు వినిపించింది.

“బాబాయ్, మనిషి!”

ఆమె చెయ్యి ఎప్పుడు వెళ్లిందో, గొట్టం పట్టుకుని పైకి తోసేసింది.

“వదులు! నక్కే. తోక చూశా నేను.”

అప్పుడు చెట్టు కింది మనిషి దగ్గింది. అది ముసలి దగ్గు. చల్లగాలిలో అంత దూరం నుంచీ స్పష్టంగా వినిపించింది. ఒకావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడి, సంచి సైకిలు బుట్టలో పెట్టుకుని, సైకిలు తోసుకుంటూ గట్టు వెంట వెళ్లిపోయింది.

గంగాధరరావు తూటాల మ్యాగజీను తియ్యబోయి, దాని మీట కోసం తుపాకి అడుగున వేళ్లతో తడిమాడు. రెండుసార్లు తడిమినా దొరకలేదు. సంయుక్త తుపాకి తీసుకుని తూటాలు దించేసింది. తన చేతులు వణకడం అప్పుడు గమనించింది.

కార్లోంచి పల్లె మొదటి దీపాలు కనిపించాయి. అప్పుడాయన అన్నాడు:

“మంచెలో కదలకూడదని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వు కదిలావు. అది పారిపోయింది.”

“బాబాయ్, అది నక్క కాదు గదా.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

వెండెల్ ఇంటి ముందు మంచె తాళం ఇచ్చేటప్పుడు, ఏమైనా పడిందా అని అడిగాడు వెండెల్. గంగాధరరావు నవ్వాడు. జర్మన్‌లో, గట్టిగా, “ఏం పడలేదు. పిల్లకి వేటజ్వరం పట్టుకుంది. చేతులు వణికి నా తుపాకే పట్టేసుకుంది. నక్క దణ్ణం పెట్టి పోయింది,” అన్నాడు.

వెండెల్ పెద్దగా నవ్వి సంయుక్త వీపు తట్టాడు. మొదటిసారి అందరికీ వస్తుందన్నాడు. తనకీ వచ్చిందన్నాడు. సంయుక్త నోరు తెరిచింది. గంగాధరరావు రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, వాకిట్లో దీపం కింద నవ్వు మొహంతో నిలబడి ఉన్నాడు. ఆ నవ్వు చూసి ఆమె కారు వైపు నడిచింది.

ఇంటికొచ్చి బూట్లు విప్పేలోపే క్లబ్బు వాట్సాప్ గ్రూపులో వెండెల్ మెసేజ్ పెట్టాడు: సంయుక్తకి మొదటి వేటజ్వరం, అభినందనలు. కింద నక్క బొమ్మ. దాని కింద పదిహేడు నవ్వులు.

“ఏంది, చేతులు వణికినయా నీకు?” అన్నాడు మొగుడు శశికాంత్, ఫోన్ చూసి.

ఏడేళ్ల కూతురు ఈషా హోంవర్కు లోంచి తలెత్తి, నక్క చచ్చిపోయిందా అని జర్మన్‌లో తల్లిని అడిగింది. “మామా, ఇస్ట్ డేర్ ఫుక్స్ టోట్?”

“లేదురా. నక్క చావలే.”

“గూట్.” మంచిదే అన్నట్టు తలూపి ఈషా మళ్లీ పుస్తకంలోకి వంగింది.

వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, మొగుడికి జరిగింది చెప్పింది సంయుక్త. శశికాంత్ గిన్నె తోముతూ తోముతూ నీళ్లు కట్టేశాడు.

“తుపాకుల లైసెన్సులిచ్చే ఆఫీసుకి మెయిల్ రాయి. అపాయింట్‌మెంట్ కూడా అక్కర్లేదు.”

“రెండేళ్లు నేర్పిండు శశీ. ఆయన లేకపోతే నాకు ఈ లైసెన్స్ ఎక్కడిది?”

“నేర్పిండు, సరే. నీ మీద పెట్టిండు గదా తప్పు? పోనీ అదీ సరే. నువ్వు లేని రోజు ఆయన ఒక్కడే ఎక్కితే?”

ఆమె తోమిన గిన్నె అందుకుని తుడవడం మొదలుపెట్టింది.

బుధవారం ఇంటినుంచే పని. మధ్యాహ్నం లాప్‌టాప్ మూసి గంగాధరరావు ఇంటికి వెళ్లింది. ఆ టైముకి ఆయన ఇంట్లో ఉండడని తెలుసు. తలుపు తీసిన ఆండాళ్ ఆశ్చర్యపడలేదు.

“రామ్మా. కూర్చో. టీ పెడతా.”

“వద్దు పిన్నీ. బాబాయ్‌ కండ్ల సంగతి అడుగుదామని వచ్చిన.”

ఆండాళ్ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. ఫ్రిజ్ మీద మందుల డబ్బాలున్నాయి. ఒక్కొక్క దాని మీదా నల్లమార్కరుతో అరచెయ్యంత అక్షరాలు: పొద్దున, రాత్రి. గోడ మీద ఫోటోలో గంగాధరరావు క్లబ్బు ఆకుపచ్చ కోటు వేసుకుని, మెళ్లో రొమ్ము నిండా వెండిబిళ్లల గొలుసుతో నిలబడి ఉన్నాడు. ఆ ఏడు గురిలో గెలిచి క్లబ్బుకి రాజయ్యాడు. ఊరంతా ఊరేగించారట. ఆ గోడకి ఆయన పెళ్లిఫోటో కూడా లేదు.

“నెలనెలా కంట్లో సూది వేస్తారమ్మా హైడెల్‌బెర్గ్‌లో,” అంది ఆండాళ్. “ఎవరడిగినా షుగర్ చెకప్ అని చెప్పమంటారు. చుట్టూ కనపడుద్దంట. సరిగ్గా ఎక్కడ చూస్తే అక్కడ కనపడదంట. నా మొహం కనపడదమ్మా ఆయనకి. జుట్టు కనపడుద్ది, చీర కనపడుద్ది.”

“ఎన్ని రోజులైంది?”

“మార్చి నుంచి బాగా ఎక్కువైంది. చెప్పమాక తల్లీ ఎవరికీ. ఈ ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేది ఆ క్లబ్బులోనే. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేస్తే ఒక్కడు ఇంటికి రాలా. క్లబ్బువాళ్లు మాత్రం మా గృహప్రవేశానికి బెంచీలు మోసుకొచ్చారు. అది పోతే ఆయనేం చేస్తారు? ఈ కుర్చీలో కూర్చుంటారు.”

సంయుక్త ఆదివారం సంగతి చెప్పింది. వేటజ్వరం మాట ఎత్తలేదు. మంచె, మంచు, చెట్టు కింద కదిలిన గోధుమరంగు, ఉన్నిచొక్కా చెయ్యి, సంచి, దగ్గు, అంతవరకే చెప్పింది.

ఆండాళ్ బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏ చెట్టు?”

“చేను చివర, కాలవ గట్టు మీద వాల్‌నట్ చెట్టు.”

ఆండాళ్ బల్ల వైపు చూసింది. బల్ల మీద పళ్లెం నిండా వాల్‌నట్లున్నాయి. పైతోలు మరక ఇంకా వదల్లేదు. ఆమె వేళ్లకొసలు కూడా నల్లగా ఉన్నాయి.

“శుక్రవారం నేనూ వెళ్లానమ్మా అక్కడికి,” అంది. “ఆయన్ని క్లబ్బులో దింపిన బస్సులోనే రెండు స్టాపులు ముందుకెళ్లి దిగాను. ఏటా ఏరతా. ఆయనకి పెరుగులో వేసిస్తా పొద్దున్నే.”

సంయుక్త ఆమె చెయ్యి పట్టుకుంది. ఆండాళ్ చెయ్యి విడిపించుకోలేదు, ఏడవలేదు.

“నువ్వే చెప్పమ్మా ఆయనతో. నేను చెప్తే ఆడదానివి నీకేం తెలుసంటారు. నువ్వూ ఆడదానివే అనుకో. కానీ నీకు లైసెన్సుంది.”

శనివారం తుపాకుల షాపులో అపాయింట్‌మెంట్ ముందే తీసుకున్నారు. గంగాధరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. బ్యారెల్ మరీ బరువుది వద్దన్నాడు. మంచె ఎక్కేటప్పుడు భుజం లాగేస్తుందన్నాడు. చెక్క కన్నా ప్లాస్టిక్ బట్ వానకి ఉబ్బదన్నాడు. డబ్బు మిగిలితే తుపాకి మీద కాదు, స్కోపు అద్దాల మీద పెట్టమన్నాడు. అన్నీ సరైన మాటలే.

షాపు యజమాని క్రాఫ్ట్, పెద్ద చేతులున్న మెల్లని మనిషి, రెండు తుపాకులు తెచ్చి బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, పక్కపక్కన పెడితే తేడా తెలియదు. గొట్టం మీద చెక్కిన అంకెలే వేరు. గంగాధరరావు మొదటిది ఎత్తి, బోల్ట్ తీసి వేసి, ట్రిగ్గర్ బరువు వేలితో చూసి, బుగ్గకి ఆనించాడు. ఆ చేతుల్లో తుపాకి ఎంతో తేలిగ్గా ఉంది.

“ఇదే. ట్రిపుల్ టూ. రాసెయ్యమను.”

“అది టూ ట్వంటీ త్రీ బాబాయ్.”

ఆయన తుపాకి మెల్లగా దించాడు. క్రాఫ్ట్ ఇద్దరి మొహాలూ చూసి, కాగితాలు తెస్తానని లోపలి గదిలోకి వెళ్లాడు.

“రెండూ ఒకేలా ఉన్నయ్యిలే,” అన్నాడు గంగాధరరావు. “ఆ రెండోది తీసుకో. మనం కళ్లారా చూశాంగా, నీకు ఏది కుదిరిందో.”

సంయుక్త బ్యాగులోంచి రెండు అట్టలూ తీసి ఆయన చేతికిచ్చింది. “ఇవి పోయిన శనివారంవి. ఏది దేనిదో చెప్పు బాబాయ్.”

ఆయన అట్టల వైపు చూడలేదు. ఒకటి ఎడమ అరచేతి మీద పెట్టుకుని, కుడి బొటనవేలితో నెమ్మదిగా రాసుకుంటూ వెళ్లాడు. కాగితం చిరిగిన అంచు తగిలినచోటల్లా వేలు ఆగింది. “అయిదు. అన్నీ కలిసిపోయినయ్,” అన్నాడు. రెండోది తీసుకున్నాడు. వేలు చాలా దూరం తిరిగింది. “ఒకటి... రెండు... మూడు. ఇది బయటికి పోయింది. నాలుగు. అయిదు.” రెండో అట్ట బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేశాడు. “ఇది ట్రిపుల్ టూ.”

“తెలుసా నీకు?”

“ఇంటికి తీసుకెళ్లి చూసుకునేవాణ్ణిగా, ఇట్టాగే. నాలుగు వారాల్నుంచీ తెలుసు.”

“మరి తొమ్మిది, పది అని ఎందుకు చెప్పినవ్?”

ఈసారి ఆయన గొంతులో ఇందాకటి హుషారు లేదు.

“నా దగ్గర నాలుగొందల తూటాలున్నయ్యమ్మాయ్. అన్నీ చేత్తో నింపినవే. మందు గింజ గింజా తూచి. ట్రిపుల్ టూవి. నువ్వు ఆ క్యాలిబరు కొంటే అవి నీ తుపాకిలో పేలతయ్. నేను పక్కన కూర్చుంటా. చప్పుడు వింటా. అంతవరకైనా...” ఆగాడు. “ఇంకో రెండేళ్లు గడుస్తయ్యనుకున్నా.”

“మంచె మీద కూడా నా కండ్లతోనే గడుపుదామనుకున్నవా?”

“మొదట్లో లేదు. నేర్పేటప్పుడు నిజంగానే నేర్పా. తర్వాత తర్వాత... నువ్వుంటే ధైర్యంగా ఉండేది.”

“ఉన్న గదా మొన్న. మనిషి అంటే విన్నవా?”

ఆయన బల్ల మీది అట్టని మళ్లీ చేత్తో సాపు చేశాడు.

“ఆ చెట్టు కింద శుక్రవారం పిన్ని ఏరింది బాబాయ్. ప్రతి సంవత్సరం ఏరుతదంట.”

గంగాధరరావు తలెత్తాడు. ఆమె మొహం ఉన్న చోటికి కాకుండా, కొంచెం పక్కకి చూశాడు. అలా చూస్తేనే ఆయనకి కనపడుతుందని ఇప్పుడు ఆమెకి తెలుసు.

“షాపులో కొంటోందనుకున్నా,” అన్నాడు.

బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. క్రాఫ్ట్ కాగితాలతో వచ్చేసరికి జేబుగుడ్డతో కళ్లు తుడుచుకుని, జర్మన్‌లో స్పష్టంగా, “ఆమె టూ ట్వంటీ త్రీ తీసుకుంటుంది. అదే బాగా కుదిరింది. నావి మూడు తుపాకులున్నాయి, సోమవారం వచ్చి తీసుకెళ్లు. అమ్మిపెట్టు,” అన్నాడు. క్రాఫ్ట్ ఎందుకని అడగలేదు. కలం ఆయన చేతికి కాకుండా సంయుక్త చేతికిచ్చాడు.

కార్లో కూర్చున్నాక, “వెండెల్ ఇంటికి పోనియ్,” అన్నాడు.

వెండెల్ పెరట్లో కోళ్లగూడుకి కొత్త వల బిగిస్తున్నాడు. గంగాధరరావు సంయుక్తని గేటు దగ్గరే ఉండమని ఒక్కడే నడిచి వెళ్లాడు. మధ్యలో బక్కెట్టు తగిలి తూలాడు, నిలదొక్కుకున్నాడు. ఆయన మాట్లాడింది రెండు నిమిషాలు కూడా లేదు. వెండెల్ చేతిలో పటకారు అలాగే ఉండిపోయింది. తర్వాత గంగాధరరావు జేబులోంచి ఆకుపచ్చ వేట అనుమతి కాగితం తీసి ఇచ్చాడు. వెండెల్ దాన్ని మడతపెట్టి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. కావలించుకోలేదు, ఓదార్చలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని, బక్కెట్టు పక్కనించి దాటించి, గేటు దాకా తీసుకొచ్చాడు.

సంయుక్తతో మెల్లగా అన్నాడు: “ఎవరికీ చెప్పను. వయసైంది, వేట మానేశాడు అని చెబుతాను. కానీ గ్రూపులో నీ గురించి రాసింది ఉంది. అది తప్పని రాస్తే ఎందుకు తప్పో కూడా రాయాలి. నువ్వెలా అంటే అలా.”

సంయుక్త ఆలోచించి చెబుతానంది. తర్వాతి వారమంతా ఆమె ఆలోచించింది అదే. ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర, ఆ క్లబ్బులోనే సభ్యుడైన వేరే టీము మనిషి చేతులు గజగజ వణికించి చూపించి నవ్విపోయాడు. ట్రామ్‌లో, వంటింట్లో, ఈషా జడ వేస్తున్నప్పుడు, ఎక్కడపడితే అక్కడ ఆ మాట గుర్తొచ్చి మొహం వేడెక్కేది. అంత గట్టిగా పట్టుకుని ఒక ప్రాణం కాపాడిన చేతులవి. ఎవరికీ తెలియదు. శశికాంత్ అడిగాడు, “వెండెల్‌ని రాయమంటవా, వద్దంటవా?” చెప్పలేకపోయింది.

ఆ శుక్రవారం క్లబ్బులో ఏడాది చివరి సమావేశం. గంగాధరరావు రానంటే ఆండాళ్‌ బలవంతాన పంపింది. పొడుగు బల్లల మీద ఉల్లిపాయల రొట్టెలు, కొత్త వైను. వెండెల్ లేచి, రావు ముప్పైరెండేళ్ల వేట తర్వాత విశ్రాంతి తీసుకుంటున్నాడని నాలుగు ముక్కలు చెప్పాడు. అందరూ బల్లల మీద పిడికిళ్లతో కొట్టి గౌరవించారు. గంగాధరరావు లేచి నిలబడి, చప్పుడు వస్తున్న ప్రతివైపుకీ తిరిగి తల వంచాడు.

కూర్చున్నాక అవతలి బల్ల నుంచి ఎవరో కేకేశారు: “రావు లేకుండా సంయుక్త ఏం చేస్తుందిప్పుడు? మంచె ఊగిపోదూ?”

నవ్వులు లేచాయి. గంగాధరరావు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. “ఆ రోజు...” అని మొదలుపెట్టాడు జర్మన్‌లో. హాలు సద్దుమణిగింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన దవడ కదులుతోంది, మాట ఇంకా రాలేదు. ఎవరిని చూసి చెప్పాలో తెలియక మొహం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

సంయుక్త ఆయన చొక్కా చెయ్యి పట్టి కిందికి లాగింది.

“తగ్గింది,” అంది నవ్వుతూ, రెండు చేతులూ పైకెత్తి చూపించి. “చూడండి. వణకడం లేదు.”

ఇంకోసారి నవ్వులు, చప్పట్లు. ఎవరో ఆమె గ్లాసు నింపారు. మళ్లీ ఎవరి మాటల్లో వాళ్లు పడ్డారు. వెండెల్ మాత్రం దూరం నుంచి ఆమెనే కాసేపు చూసి, తన గ్లాసులోకి తల దించుకున్నాడు.

తొందరగానే బయల్దేరారు. పల్లె దాటాక గంగాధరరావు అడిగాడు.

“చెప్పేవాణ్ణేగా. ఎందుకు ఆపావు?”

సంయుక్త రోడ్డు వైపే చూస్తూ నడిపింది. కోపం పూర్తిగా పోలేదు. పోయిందని ఆయనతో అబద్ధం చెప్పాలని కూడా అనిపించలేదు.

“నాకు ఇంకా చానా ఏండ్లున్నయి బాబాయ్,” అంది. “రెండు మూడు నక్కల్ని కొడితే ఆ మాట వాళ్లే మరిచిపోతరు.”

ఆయనకి సంబంధించిన మిగతా సగం ఆమె అనలేదు. ఆయన అడగలేదు. సీటుబెల్టు మీద ఆయన బొటనవేలు పైకీ కిందకీ నడుస్తోంది.

“ఇప్పుడు ఎక్కడున్నాం?” అన్నాడు కాసేపటికి.

“మొక్కజొన్న చేల దగ్గర.”

“అన్నీ కోసేశారా?”

“కోసేసిండ్రు బాబాయ్. అంతా ఖాళీగ ఉన్నది.”

ఆయన తలూపి, అద్దం వైపు మొహం తిప్పుకుని, చూస్తున్నట్టే కూర్చున్నాడు.